ఒక వేలు, రెండు ఆసుపత్రులు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే: బామ్మ, ఇన్సూరెన్సు పాలసీలు అమ్మే కొడుకు, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసే కూతురు. పోయిన తాతయ్య కూడా ఉంగరం రూపంలో బామ్మ వేలికి ఉన్నాడు. పొద్దున్నే దాన్ని తీసి తోముకుందామనుకుంది బామ్మ. చూస్తే వేలు వాచి ఉంది. సబ్బు రాసినా, నూనె రాసినా ఉంగరం కదల్లేదు.

"ఏమైనా చెయ్యండి గానీ, ఉంగరాన్ని మాత్రం కొయ్యనివ్వను. అది మీ నాన్న!" అంది.

"మా ఆసుపత్రికి పదమ్మా. పైసా అక్కర్లేదు. ఇవాళ నాకు సెలవే, ముందు వెళ్లి లైన్లో నిలబడతా," అంది కూతురు.

"నీ లైను కదిలేసరికి అమ్మ వేలు గుమ్మడికాయవుతుంది. నా పాలసీ ఉండగా లైనేమిటే? ఏసీ గది, టీవీ!" అన్నాడు కొడుకు.

ఇద్దరిలో ఎవరినీ నొప్పించలేక బామ్మ ఇద్దరికీ సరే అంది. కొంప మునిగింది అక్కడే.

కూతురు లైన్లో నిలబడింది. కొడుకు బామ్మను ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఒక రోజంతా మంచం మీద ఉంటేనే పాలసీ వర్తిస్తుందన్నారక్కడ. గుండె చూశారు, మోకాళ్లు చూశారు, వేలు తప్ప అన్నీ చూశారు. చివరికి డాక్టరు కట్టరుతో వచ్చాడు. బామ్మ బాత్రూముకని చెప్పి, ఆసుపత్రి గౌనుతోనే ఆటో ఎక్కి కూతురి దగ్గర దిగింది.

"ఎంతమంది ఉన్నారే?"

"ఇంకా ఎనభై మంది. ఈ గౌనేంటమ్మా!"

ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగింది. వాళ్ల పక్కింటి దర్జీ ఆవిడే, కళ్లు చూపించుకోవడానికి వచ్చింది. సంచిలోంచి దారం తీసి, కొసను ఉంగరం కిందుగా దూర్చి, వేలి చుట్టూ బిగించి చుట్టి, దూర్చిన కొస పట్టుకుని మెల్లగా విప్పింది. దారం విప్పేకొద్దీ ఉంగరం జారి చేతిలో పడింది.

"గోడవతలే ఉంటాను గదా పెద్దమ్మా! ఒక్క కేకేస్తే పోయేది."

సాయంత్రం కొడుకు రొప్పుతూ ఇంటికొచ్చాడు. "పారిపోయొచ్చావని క్లెయిము ఆపేశారమ్మా! ఉంగరం ఇరుక్కున్న ఫోటో కావాలిట. ఒక్క నిమిషం పెట్టుకో."

ఫోటో వచ్చింది. ఉంగరం రాలేదు.

"నేను లైన్లోకి..." అంది కూతురు. "నా పాలసీ..." అన్నాడు కొడుకు. బామ్మ ఆ ఇద్దరి మాటా వినకుండా పక్కింటి తలుపు తట్టింది. దర్జీ ఆవిడ వేలు చూసింది. వెనకే వచ్చి నిలబడ్డ ఇద్దరినీ చూసింది.

"కళ్లలో చుక్కలు వేశారు పెద్దమ్మా, ఇప్పుడు దారం కనబడదు. పొద్దున ఏడింటికి టోకెన్లిస్తా. పాలసీలు చెల్లవు," అని బామ్మ ముఖం మీదే తలుపు వేసేసింది.