ఎలిజిబుల్ మాత్రమే

ఎస్సెల్సీ పరీక్ష అనగానేమి అన్న విషయం అర్థం చేసుకొనుటకై రామన్నలంక గ్రామ పెద్దలు ఆదివారం సాయంత్రం బడి ఆవరణలో సభ జరుపుతారనీ, అర్థం చేసుకోదలచినవారందరూ విచ్చేయవలసిందనీ ఊళ్లో టముకు వేయించారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్లయింది. ఒక పరీక్షను అర్థం చేసుకోవడానికి సభ పెట్టిన ఊరు కొల్లేటి చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

ఇంత అవసరం ఎందుకు వచ్చిందంటే, ఊరి బడిలో మేష్టరు ఉద్యోగం ఖాళీ అయింది. బడికి మేనేజరు బాపిరాజుగారు. బోలెడు మాగాణి, అంతకు మించిన ఔదార్యం ఉన్న మనిషి. "మన ఊళ్లో ఎస్సెల్సీ గట్టెక్కినవాళ్లు ఎవరైనా సరే, కులం చూడను, పేట చూడను, ఉద్యోగం వాళ్లదే" అని నలుగురిలో మాట ఇచ్చేశారు. ఆయనకు తెలిసి ఆ పరీక్షకు వెళుతున్నవాడు ఆయన కొడుకు శ్రీనివాసరావు ఒక్కడే గనక ఆ ఔదార్యానికి అడ్డేమీ లేకపోయింది. చేపల పేటలో సత్తియ్య కూతురు గంగారత్నం ఏలూరులో మేనత్త ఇంట్లో ఉండి అదే చదువు వెలగబెడుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పేట సంగతులు మేనేజరుగారి చెవిన వేసే ఆచారం ఊళ్లో లేదు.

ఆ మాట విన్ననాటి నుంచీ సత్తియ్య కాలు నేల మీద నిలవలేదు. కూతురు బడిలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. వలలు మోసే పేట పిల్లలు పలకలు పట్టుకుని ఆమె ముందు బాసింపట్టు వేసుకోవాలి. అంతకు మించి అతను దేవుణ్ణి ఏమీ కోరుకోలేదు.

ఫలితాలు వచ్చాయి. చిక్కు కూడా వాటితోనే వచ్చింది. ఈ పరీక్షలో సర్కారువారు పాసు, ఫెయిలు అనే మోటు మాటలు వాడరు. మార్కులు చాలినవాళ్లను పై చదువుకు 'ఎలిజిబుల్' అంటారు. చాలనివాళ్లను ఏమీ అనరు. బడికి వెళ్లి రావడం నిజమే గనక 'కంప్లీటెడ్' అని ఊరుకుంటారు. గంగారత్నం ఎలిజిబుల్ అయింది. శ్రీనివాసరావు కంప్లీట్ చేశాడు. చేయడం ఇది మూడోసారి.

సభలో వ్యాఖ్యానం చెప్పడానికి తాడేపల్లిగూడెం నుంచి భీమశంకరంగారిని పిలిపించారు. ఆయన రైల్వేలో పార్సిలు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. బస్తాల మీదా బుట్టల మీదా జీవితమంతా ఇంగ్లీషు చదివిన మనిషి గనక ఆ భాషలో ఆయన మాటకు తిరుగులేదు. పైగా బాపిరాజుగారికి స్వయానా బావగారు.

"మహాజనులారా!" అని ఆయన గొంతు సవరించుకున్నారు. "కంప్లీట్ అనగా పూర్తి. బుట్ట చేరింది, సంతకం అయింది, సొంతదారు ఇంటికి పట్టుకుపోయాడు. ఇక దానికి చేయవలసింది లేదు. ఎలిజిబుల్ అనగా? పంపదగినది. అంటే ఇంకా పంపలేదన్నమాట! బుట్ట ప్లాట్‌ఫారం మీదే ఉంది. అందులో చేపలుంటే వాసన కూడా వస్తుంది."

సభ విరగబడి నవ్వింది. సత్తియ్య కూడా నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయాడు.

"ఒక్కసారి పూర్తిచేసినవాణ్ణే విద్యావంతుడంటున్నామే, మన శ్రీనివాసరావు ముమ్మారు పూర్తిచేశాడు! ఇటువంటివాడు జిల్లాలో మరొకడున్నాడా?" అన్నారు భీమశంకరంగారు.

ఆడవాళ్ల వైపు నుంచి గంగారత్నం లేచి నిలబడింది. "ఎలిజిబుల్ అంటే అర్హత ఉందని అర్థమండి. వారికి లేదండి" అంది.

బాపిరాజుగారికి ఏమాత్రం కోపం రాలేదు. "కూచో తల్లీ. నీకు అర్హత లేదని ఎవరన్నారు? ఉందనే కదా నీ మార్కుల పుస్తకంలో రాశారు! పాపం, అర్హత దగ్గరే ఆగిపోయావు" అన్నారు జాలిగా.

ముందు వరసలో కూర్చున్న కరణంగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ సమయంలో ఆయన వక్క నమలడంలో ఉన్నారు. శ్రీనివాసరావుకీ వచ్చినంత వచ్చు. మెడలో దండ పడుతుంటే అతను తలెత్తలేకపోయాడు. వినయం చదువుకున్నవాళ్లకు సహజం.

ఉద్యోగం శ్రీనివాసరావుకు ఇవ్వడమైనదనీ, గంగారత్నం నిరుత్సాహపడక మళ్లీ పరీక్షకు కూర్చుని, ఈసారి మార్కుల విషయంలో తగు జాగ్రత్త వహించి పూర్తి చేసుకురావలసిందనీ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. చప్పట్లు మారుమోగాయి. అంతమంది పెద్దల నోట తన బిడ్డ పేరు పలకడం సత్తియ్య పుట్టి బుద్ధెరిగిన తరవాత ఇదే మొదలు. కళ్లు తుడుచుకుని అతనూ కొట్టాడు.

పేటకు తిరిగి వెళుతుంటే దోనెలో గంగారత్నం ఏడుస్తూ కూర్చుంది.

"ఊరుకోవే అమ్మా. మళ్లీ రాద్దువుగాని. ఇన్ని మార్కులు తెచ్చుకున్నదానివి, కాసిని తగ్గించుకోలేవేంటి?" అన్నాడు సత్తియ్య.

"నేను పాసయ్యాను నాన్నా. ఆయన తప్పాడు. మూడుసార్లూ తప్పాడు."

సత్తియ్య గెడ వేయడం ఆపేశాడు. దోనె నాచులోకి జరిగి నిలిచింది.

"మరి ఆ సంగతి ఆ పెద్దోళ్లకి తెలీదంటావా?"

"అందరికీ తెలుసు నాన్నా."

"కరణంగారికో?"

"తెలుసు."

"మరి చప్పట్లెందుకు కొట్టారే?"

ఎలిజిబుల్ పిల్లే అయినా, ఆ ప్రశ్న గంగారత్నం చదివిన పాఠాల్లో లేదు. ఆ సభలో అర్థంకాక చప్పట్లు కొట్టినవాడు సత్తియ్య ఒక్కడే. తక్కినవాళ్లంతా మనలాంటివాళ్లు, నాలుగక్షరాలు వచ్చినవాళ్లు, లోకం తెలిసినవాళ్లు. వాళ్లు అర్థమయ్యే కొట్టారు.