సున్నాకు రెండు తూకాలు

ఏళ్ల తరబడి వెతికినా ఏమీ దొరక్కపోవడం ఎంత గొప్ప అదృష్టమో మీకు తెలియదు. మా ఊరొచ్చి చూడండి, తెలుస్తుంది!

మాది ఇటలీలో, అబ్రూజ్జో కొండల మీద ఊరు. మా కొండ కడుపులో ఒక ప్రయోగశాల ఉంది. పెద్ద తొట్టిలో కొన్ని పరమాణువులను ఎముకలు కొరికే చలిలో ఉంచి, రాత్రింబవళ్లు కాపలా కాస్తుంటారు. ఎందుకంటారా? అవి ఫలానా తీరున చీలకూడదని శాస్త్రం ఆంక్ష పెట్టింది. ఆంక్ష మీరి ఒక్కటైనా చీలుతుందేమోనని వీళ్ల ఆశ. చీలిందా, పాఠ్యపుస్తకాలు తిరగరాయాల్సిందే!

ఇంతవరకు ఒక్కటీ చీలలేదు. ఇంత బుద్ధిమంతులు మా మున్సిపల్ కౌన్సిల్లో కూడా లేరు.

ఆ కాపలా చూడాలి మీరు! బయటి కిరణాలు చొరబడకుండా నెత్తిన కొండ. చుట్టూ సీసం గోడలు. అదీ ఎప్పుడో మునిగిన ఓడలోంచి తీసిన పాత సీసం. కొత్తదైతే దానిలోనే ఏవో చీలి, చిటపటలాడి లెక్క చెడగొడుతుందట. ఒకాయన పొరపాటున సంచిలో అరటిపండు తీసుకుపోతే, పామును తెచ్చినట్టు బయటికి నెట్టారు. అరటిపండులోనూ ఏవో చీలుతుంటాయట!

అక్కడ పనిచేసే శాస్త్రవేత్త ఒర్నెల్లా పొద్దున్నే నికోదేమో కొట్లో కాఫీ తాగుతుంది.

"ఏమైనా దొరికిందా డాక్టరమ్మా?" అంటాడు నికోదేమో.

"సున్నా!" అంటుంది ఆమె, కూతురి పెళ్లి కుదిరినంత సంబరంగా.

"అయితే మూసేస్తారా?"

"మూయడమేంటి! సున్నా వచ్చిందంటే మా తొట్టి చిన్నదని అర్థం. ఇంకా పెద్దది కట్టాలి, ఇంకా చాలాకాలం చూడాలి."

"నా గల్లాపెట్టెలో సున్నా ఉంటే మా ఆవిడ ఇంత నెమ్మదిగా మాట్లాడదే!"

పెద్ద తొట్టి శాంక్షనయింది. సున్నా మహిమ చూశారా?

మాకూ ఒక సున్నా వచ్చింది. టౌనుకు పోయే మా బస్సు ఎవరైనా ఎక్కుతున్నారా అని చూడ్డానికి రవాణా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. రాక రాక జనవరిలో, సాంత్ అంతోనియో పండుగనాడు వచ్చాడు. ఆ రోజు మా వాళ్లు గొర్రెలకూ గాడిదలకూ ఫాదర్ గారితో దీవెన ఇప్పించి, ఊరి కూడలిలో మంట వేసి, పందిమాంసం కాల్చుకుంటారు. ఆ పూట ఊరు దాటినవాణ్ణి ఏడాదంతా ఆడిపోసుకుంటారు. ఇక బస్సెవడు ఎక్కుతాడు?

ఆయన ఒక్కడే బస్సులో పోయి, ఒక్కడే తిరిగొచ్చాడు. పాపం అని పిలిచి సాసేజీలు పెట్టాం. శుభ్రంగా తిని, "ప్రయాణికులు సున్నా" అని రాసుకుపోయాడు. బస్సు ఆగిపోయింది.

ఎర్సీలియా పెద్దమ్మ కంటికి నెలనెలా టౌను ఆసుపత్రిలో సూది వేయించాలి. తప్పితే చూపు పోతుంది. సంగతి విని ఒర్నెల్లా మండిపడింది.

"ఒక్కరోజు చూసి లేదని తేల్చేస్తారా? అదీ పండగపూట? అలాంటివాణ్ణి మేమైతే కొండలోకి అడుగు పెట్టనివ్వం!"

"వాణ్ణి రానివ్వకపోతే మానెయ్ తల్లీ, నన్ను ఆసుపత్రికి తీసుకుపో," అంది పెద్దమ్మ.

ఒర్నెల్లా తీసుకుపోదామన్నా, ల్యాబ్ వ్యాన్‌లో బయటివాళ్లను ఎక్కించుకోవడం నిషేధం. మా వాళ్ల కార్లు అడుగుదామంటే, మిగిలింది ముసలివాళ్లమే. మా లైసెన్సులు మాకంటే ముందే కాలం చేశాయి.

మేమంతా సంతకాలు పెట్టి అర్జీ పంపాం. ఆఫీసు మర్యాదగానే జవాబిచ్చింది. బస్సెక్కేవాళ్లు ఉన్నట్టు రుజువైతే తప్పక బస్సు వేస్తారట! బస్సు లేకుండా బస్సెక్కడం ఎలాగో మాత్రం చెప్పలేదు. కొండలో వాళ్లు ఎదురుచూసే వింత కూడా ఇంత అసాధ్యమైనది కాదనుకుంటాను.

అందుకే పెద్దమ్మ రోజూ పొద్దున్నే మంచి కోటు వేసుకుని స్టాపులో కూర్చుంటోంది, ఆఫీసాయన వస్తే కనబడాలని. ఒక సూది ఇప్పటికే తప్పింది.

"ఎన్నాళ్లని చూస్తావు పెద్దమ్మా?" అన్నాను నిన్న.

ఆమె నా వైపు తిరిగింది. గొంతు వచ్చిన దిక్కుకి కాస్త పక్కగా చూసింది.

"ఎవరూ, నికోదేమోనా?" అంది.