మూత బిగించిన సీసా

కంటికి కనిపించనిదేదో వచ్చి తన పిల్లాడిని తాకుతుందేమోనన్నదే ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం. దానికి కారణం ఆమె చదువు, నిజానికి చదువు ఆగిపోవడం. బడి మానేసిన రోజున తరగతిలో సూక్ష్మజీవుల పాఠం సగంలో ఉంది. హాని చేసేవన్నీ అయిపోయాయి. మేలు చేసేవాటి గురించి మర్నాడు చెబుతానన్నారు టీచరు. ఆ మర్నాడు ఆమెకు రాలేదు. అందుకే ఆమె పొయ్యి మీద ఎప్పుడూ నీళ్లు మరుగుతూనే ఉండేవి. మెట్ల కింద గదిలో ఉండే వాచ్‌మన్ ఆమెకు మరుగునీళ్లమ్మ అని పేరు పెట్టాడు.

ఆ పొద్దున ముసురు పట్టింది. పాలసీసాలు మరగబెట్టి, బుజ్జిగాడి బట్టలు ఉడకబెట్టి, వాడు లేచేలోపు నేలంతా తుడిచేయాలని ఆమె అనుకుంది. సీసాలు ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి. రొట్టెల దుకాణంలో పిండి కలిపే పై అంతస్తు పిన్ని సంచీతో దిగివచ్చి, ఒక గాజు సీసా ఆమె చేతిలో పెట్టింది. రొట్టెలు పొంగడానికి వేసే పులిసిన పిండి అది.

"ఊరెళ్తున్నానమ్మా. దీనికి గుప్పెడు పిండి పెట్టు, కాసిని నీళ్లు పట్టు. మూత మాత్రం బిగించకు, ఊపిరాడదు."

"ఎవరికి పిన్నీ?"

"దీనికే. మా అమ్మ పెంచింది. నాకంటే పెద్దది," అంటూ పిన్ని మెట్లు దిగిపోయింది.

ఆకలేస్తే అది పిల్లాడి వైపు చూస్తుందేమోనని ఆమె వెంటనే గుప్పెడు పిండి వేసింది. ఊపిరి పీల్చేది ఊపిరి వదులుతుంది కూడా కదా అని తోచి, బలమంతా పెట్టి మూత బిగించింది. సీసాను పొయ్యి పక్కన పెట్టి నేల తుడవడానికి వెళ్లింది. మెట్ల మీది మాటలు విన్న అత్తగారు ఆ సందులో వంటింట్లోకి వచ్చి, నోరులేని జీవమని జాలిపడి రెండు గుప్పెళ్ల పిండీ చెంచాడు చక్కెరా వేసి, మూత ఎలా ఉన్నదో అలాగే బిగించి వెళ్లింది.

మధ్యాహ్నానికి ఇల్లంతా చడీచప్పుడు లేదు. వంటింట్లోంచి మాత్రం ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి వదులుతున్నట్టు సన్నటి శబ్దం.

"వంటింట్లో ఎవరే?" అంది అత్తగారు.

"ఎవరూ లేరత్తయ్యా."

"మరి ఆ ఉసూరుమనేది ఎవరు?"

ఆమె వెళ్లి చూసింది. పొద్దున సగం దాకా ఉన్నది ఇప్పుడు సీసా మెడ దాకా వచ్చింది. ఒక పెద్ద బుడగ మెల్లగా పైకి లేచి, కన్నులా తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. ఎప్పటిదో పాఠం పిలవకుండానే గుర్తొచ్చింది. ప్రాణమున్నది తింటుంది. ఊపిరి తీస్తుంది. ఎదుగుతుంది. కదులుతుంది. తాకితే తెలుసుకుంటుంది. ఆమె చెంచాతో గాజు మీద తట్టింది. తట్టినచోటికే ఇంకో బుడగ వచ్చి ఆగింది. ఇక మిగిలింది ఒక్కటే, తనలాంటిదాన్ని పుట్టించడం. అదొక్కటీ జరగనివ్వకూడదని, సగం తీసేస్తే బలం తగ్గుతుందని మూత తిప్పింది.

తిప్పీ తిప్పకముందే మూత ఢామ్మని ఎగిరి ఆమె భుజం మీదుగా ఎటో పోయింది. పొంగుకొచ్చినదాన్ని చేతికందినంతా బకెట్‌లోకి తోడింది. తోడాక చూస్తే సీసాలోనూ బుడగలే, బకెట్‌లోనూ బుడగలే. ఆ చివరి పని కాస్తా తన చేతులతోనే చేసిపెట్టానని అప్పుడు తెలిసింది.

బకెట్‌కు మూత బిగించి వాచ్‌మన్‌ని పిలిచి, దూరంగా పారేసి రమ్మని, తెరవొద్దని చెప్పింది. లోపలేముందని అడిగితే, అడగొద్దంది. తర్వాత మరుగుతున్న నీళ్లు తెచ్చి సీసాలో పోసింది. శబ్దం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంది. అందులోంచి, తలుపు వెనకనుంచి, చప్పరిస్తున్న చప్పుడు.

బుజ్జిగాడు. వాడి చేతిలో ఆ మూత. మూతి నిండా పిండి.

వానకు బస్సులు ఆగిపోయి వెనక్కి వచ్చిన పిన్ని, తడిసిన బట్టలతో అప్పుడే గుమ్మంలో నిలబడింది.

"వాడు నాకేశాడు పిన్నీ. వాడికేమైనా అయితే?"

"కాస్త నాకితే ఏమవుతుందే? మహా అయితే పొట్ట ఉబ్బుతుంది." పిన్ని ఆవిరి కక్కుతున్న సీసా వైపు ఒక్క క్షణం చూసింది. పిల్లాడి చేతిలోంచి మూత తీసుకుని, అంచున మిగిలినదాన్ని గోటితో గిన్నెలోకి గీకి, చిటికెడు పిండి చల్లింది. "వీడు ఇంత మిగిల్చాడు, చాలు. మళ్లీ లేస్తుంది. అన్నీ చెడ్డవి కావమ్మా. వాడు తాగే పాలు అరగడానికి సాయం చేసేవీ ఇలాంటి కంటికి కనిపించనివే. వాడి పొట్టలో లెక్కలేనన్ని ఉంటాయి."

టీచరు చెబుతానన్న ఆ మర్నాడు ఇన్నేళ్లకు, వానలో తడుస్తూ వచ్చింది. ఆమె పిల్లాడి పొట్టకు చెవి ఆనించింది. లోపల ఎవరో తీరిగ్గా మాట్లాడుకుంటున్నట్టు గుడగుడమంది. చాలాసేపు విని, లేచి వెళ్లి పొయ్యి ఆర్పింది.

అప్పుడు సీసాలోకి తొంగిచూసి అడిగింది పిన్ని, మిగతా సగం ఏదని.

వాన తగ్గాక పారేద్దామని వాచ్‌మన్ ఆ బకెట్‌ను మంచం కిందికి తోసి పడుకున్నాడని అత్తగారు తాపీగా చెప్పింది. ఆమె పిల్లాణ్ణి ఎత్తుకుని మెట్ల దాకా వెళ్లింది గాని, దిగే ధైర్యం చాలలేదు. మీరెవరైనా అటుగా వెళ్తుంటే, మెట్ల కింద తలుపుకు కాస్త చెవి ఆనించి అతన్ని చూసి రండి. ఒక గురక వినిపిస్తే పరవాలేదు. రెండు వినిపిస్తే, వాచ్‌మన్‌ని తర్వాత లేపొచ్చు, ముందు మూత వదులు చేయండి.