నోరు తిరగని పేరు

లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం కాబట్టి వీధంతా ఆయన్ని లిఫ్టాయన అనే పిలుస్తుంది. పైకి పోయేవి, కిందికి దిగేవి, మధ్యలో ఆగిపోయేవి అన్నీ ఆయనకు కొట్టినపిండి. అంతుచిక్కనిది భార్య ఒక్కతే. ఆవిడ ఏ అంతస్తులో ఉందో చూపించే అంకెలు బయట ఎక్కడా వెలగవు.

ఏళ్ళ తరబడి ఎదురుచూశాక వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మూడు నెలలు నిండుతున్నా పేరు మాత్రం లేదు. ఎప్పుడూ గుప్పిళ్ళు బిగించుకునే ఉంటుందని అమ్మమ్మ ఆ పిల్లను 'పిడికిలి' అంటోంది. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేస్తే అదే ఖాయమైపోతుందని లిఫ్టాయన దిగులు.

"నేనొక పేరు అనుకున్నాను," అన్నాడు ఒక ఉదయం, భార్య పిల్లకు గౌను తొడుగుతుండగా.

"చెప్పండి."

"ఇచారో."

వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసింది. "విచారమా? లేకలేక పిల్ల పుడితే విచారం దేనికి నాయనా?"

"విచారం కాదత్తయ్యా, ఇచారో. పేరు."

"ఎవరిది?"

దాని వెనక ఒక కథ ఉంది. ఆ మధ్య ఒక పెద్ద భవనంలో లిఫ్టు ఆగిపోయి ఒక ముసలావిడ అందులో ఇరుక్కుంది. అలా ఇరుక్కున్నవాళ్ళు మామూలుగా లోపలినుంచి లిఫ్టాయన వంశం మొత్తాన్నీ తలుచుకుంటారు. ఈవిడ మాత్రం తలుపు సందులోంచి తాపీగా కబుర్లు చెప్పింది. భయం వెయ్యడం లేదా అని అడిగితే, "నా పేరు ఇచారో. మా బాస్కు భాషలో ఎదురుచూడటానికీ ఆశపడటానికీ ఒకటే మాట. నా పేరు అందులోంచి వచ్చిందే. నువ్వు నిదానంగా కానీ," అంది.

"అప్పటికి నీకు ఏడో నెల," అన్నాడు లిఫ్టాయన భార్యతో. "మనం ఇన్నేళ్ళూ చేసింది అదే కదా. ఆ మాట వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. స్క్రూడ్రైవరు కనబడలేదు."

భార్య గౌను బొత్తాం పెట్టింది. "అర్థం బాగానే ఉంది. ఎలా రాస్తారు?"

ముసలావిడ రాసిచ్చిన చీటీ చూపించాడు. మధ్యలో ఒక ఎక్స్ అక్షరం, లిఫ్టులో ఇరుక్కున్న మనిషిలా, అటూ ఇటూ కదలకుండా నిలబడి ఉంది.

"ఈ దేశంలో అందరి నోళ్ళూ ఇంగ్లీషు నోళ్ళే," అంది భార్య. "ఇట్‌క్సారో అంటారు. ఇట్‌జారో అంటారు. మందుల షాపులో రోజంతా జనాన్ని పేరుపెట్టి పిలిచే ఉద్యోగం నాది. పేరు తప్పు పిలిస్తే మొహాలు ఎలా వాడిపోతాయో నాకు తెలుసు. ఇది ఎక్కడికెళ్ళినా తన పేరు తనే అందరికీ నేర్పుకుంటూ తిరగాలా?"

"ఎవరూ తప్పు పలకరు. తేలిక పేరు."

"అయితే చూద్దాం. శనివారం టీకాకి వెళ్తున్నాంగా. దారిలో కటింగ్ షాపాయనకీ, బేకరీ ఆవిడకీ చీటీ చూపిద్దాం. ఆస్పత్రిలో నర్సు ఎలాగూ పేరు పిలుస్తుంది. ముగ్గురూ సరిగ్గా పలికితే పెట్టేద్దాం, లేకపోతే వదిలేద్దాం. మీరు ముందుగా నేర్పకూడదు."

"ఛ, నేనెందుకు నేర్పుతాను."

అబద్ధమాడితే లిఫ్టాయనకు ఎడమ చెవి ఎర్రబడుతుంది. ఆవిడ ఆ చెవివైపు చూసి ఊరుకుంది.

ఆ సాయంత్రమే ఆయన కటింగ్ షాపులో కూర్చున్నాడు. చీటీ చూసి షాపాయన, "ఎవరి పేరిది?" అన్నాడు. కూతురిదని చెబితే తెల్లారేసరికి భార్య చెవిన పడుతుంది. షాపాయన నోట్లో మాట దాగదు.

"నాదే," అన్నాడు లిఫ్టాయన. "అసలు పేరు. ఎవరూ పలకలేరని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

షాపాయన కరిగిపోయాడు. ఇన్నేళ్ళు తల అప్పగించిన మనిషికి పేరు కూడా దాచుకోవలసి వచ్చిందా అని బాధపడి, ఆ క్షణమే సాధన మొదలుపెట్టాడు. 'ఇ' అని ఒక కత్తిరింపు, 'చా' అని ఒకటి, 'రో' అని ఒకటి. పేరు పూర్తిగా వచ్చేసరికి లిఫ్టాయన జుట్టు పూర్తిగా పోయింది.

బేకరీలోనూ పేరు తనదేనన్నాడు. ఆవిడ తప్పు పలికిన ప్రతిసారీ ఉత్తచేతులతో నిలబడటం బాగుండదని ఇంకో రొట్టె కొన్నాడు.

"ఈ ఇంట్లో పళ్ళున్నవాళ్ళం ముగ్గురమే," అంది అత్తగారు బల్లమీద గుట్ట చూసి. "ఇన్ని రొట్టెలు ఎవరికి నాయనా?"

నర్సు దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. పనుంది, తరవాత రమ్మంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు మాత్రం పనేమీ ఉండదు. ఆ మర్నాడు ఆస్పత్రిలో ఆవిడ ఎక్కిన లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. అది దైవఘటనేనని ఆయన ఇప్పటికీ అంటాడు, ఎర్రటి చెవితో. ఆయన తలుపు సందులోంచి తన పేరు చెప్పుకుని ధైర్యం చెప్పాడు. ఆవిడ బయటపడేసరికి ఆ పేరు బాస్కు వాళ్ళకంటే బాగా పలుకుతోంది.

శనివారం వచ్చింది. భార్య పిల్లబండి తోస్తుంటే, వెనక అత్తగారు, ఆ వెనక గుండుతో లిఫ్టాయన బయల్దేరారు.

భార్య పర్సులోంచి చీటీ తియ్యకముందే కటింగ్ షాపాయన గుమ్మంలోకి వచ్చాడు. "గుడ్ మార్నింగ్, మిస్టర్ ఇచారో."

భార్య లిఫ్టాయన వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూశాడు.

బేకరీ అద్దం వెనకనుంచి, "ఇచారోగారూ, మీ రొట్టెలు తీసి ఉంచాను," అని వినబడింది. మలుపులో బస్సు డ్రైవరు హారన్ కొట్టి అదే పేరుతో చెయ్యి ఊపాడు. అతనికి ఎవరు నేర్పారో లిఫ్టాయనకే తెలియదు.

"అందరూ మన అల్లుణ్ణి విచారం, విచారం అంటున్నారేమే?" అంది అత్తగారు.

"కాసేపట్లో నిజమవుతుందమ్మా," అంది భార్య.

ఆస్పత్రిలో భార్య చీటీ లోపలికి పంపి కూర్చుంది. నర్సు గదిలోంచి తొంగిచూసి, "ఇచారో," అని పిలిచింది. పలకడంలో వంక పెట్టడానికి లేదు. భార్య కుర్చీలోంచి లేవలేదు. నర్సు సూదితో నేరుగా లిఫ్టాయన దగ్గరికి వచ్చింది.

"చొక్కా చెయ్యి మడవండి. పసిపిల్లల టీకా ఇది. మీరు చాలా ఆలస్యం చేశారు."

లిఫ్టాయన భార్య వైపు చూశాడు.

"మడవమంటున్నారుగా, మడవండి," అంది ఆవిడ.

"నాక్కాదు, పాపకి," అన్నాడు నీరసంగా. "ఆ పేరు నాది కాదు."

"లిఫ్టులో మీదేనన్నారే," అంది నర్సు.

"ఏ లిఫ్టులో?" అంది భార్య.

ఈసారి రెండు చెవులూ ఎర్రబడ్డాయి. ముగ్గురికీ నేర్పిన సంగతీ, పేరు తనదని చెప్పిన సంగతీ, రొట్టెల సంగతీ అక్కడే ఒప్పుకున్నాడు. పేరు పోయినట్టేనని అర్థమైంది. తలుపు సందులోంచి విన్న ముసలావిడ గొంతు గుర్తొచ్చి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"మరి ఇచారో ఎవరు?" అంది నర్సు విసుగ్గా.

భార్య లేచి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గౌను కొంచెం పైకి జరిపింది. "ఇదే. మా ఇంట్లో ఇద్దరున్నారు. పెద్దాయనకి సూది అక్కర్లేదు, వేసినా బాగుపడరు."

బయటికొచ్చాక కూడా లిఫ్టాయనకు నమ్మకం కుదరలేదు. "నేను మోసం చేశాను కదా. అయినా పెడతావా?"

"మీరు నేర్పుతారని ఆ రోజే మీ చెవి చెప్పింది. ఎంతమందికి నేర్పగలరో చూద్దామని ఊరుకున్నాను. వీధి వీధంతా పలుకుతోందంటే అది నోరు తిరగని పేరు కాదు, నేర్పేవాడికి ఓపికుండాలి, అంతే. నా భయం ఆ ఓపిక గురించే. ఇక బడిలోనూ, బస్సులోనూ, రేపు దాని ఆఫీసులోనూ నేర్పే డ్యూటీ మీదే. నా పిల్ల ఎవరికీ నేర్పక్కర్లేదు."

"సరే."

"వీధిలో మీరు చెప్పిన అబద్ధం మాత్రం దిద్దడానికి వీల్లేదు. మీరు పెద్ద ఇచారో, ఇది చిన్న ఇచారో. పిలిస్తే పలకాలి."

"అసలు నా పేరు?"

"ఎవరైనా అడిగినప్పుడు చూద్దాం."

ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

జుట్టు మళ్ళీ పెరిగాక లిఫ్టాయన పిల్లను ఒళ్ళో పెట్టుకుని కటింగ్ షాపులో వంతుకోసం కూర్చున్నాడు. ఆ రోజు షాపాయన సెలవు. కొత్తగా చేరినతను గోడమీద వంతుల పట్టీలో రాసిన పేరును కళ్ళు చిట్లించి చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఇట్టక్ జరూ," అన్నాడు.

లిఫ్టాయన ప్రాణం చివుక్కుమంది. గబగబా పిల్ల మొహంలోకి చూశాడు. పిల్ల అప్పటికే ఆ గొంతువైపు తిరిగి, బోసినోరు తెరిచి నవ్వుతోంది. ఆ కొత్తతను కూడా నవ్వాడు. పాఠం చెప్పబోయిన లిఫ్టాయన నోరు మూసుకున్నాడు.

"మీ ఇద్దరిలో ఎవరండీ?" అన్నాడు కొత్తతను.

"ముందు కటింగ్ కానివ్వు, తరవాత చెబుతాను," అన్నాడు పెద్ద ఇచారో, తల తడుముకుంటూ.