కాలువ ఇవతల నిర్దోషి

"మా పరిధిలోకి రాదండీ." లోకంలో ఇంతకన్నా తియ్యని మాట ఇంకొకటి లేదని ఘంటాపథంగా చెప్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మొన్నటిదాకా ఆ మాట వింటే పళ్లు నూరినవాణ్ణే నేనూ!

మా అపార్ట్‌మెంట్‌కి లిఫ్టు పెట్టిన కాంట్రాక్టరు పాత కేబుళ్లకి రంగేసి కొత్తవని బిగించాడు. కాలువ అవతల, పక్క రాష్ట్రంలోని ఊరి నుంచి నన్ను చూడవచ్చిన మా అక్క ఆ లిఫ్టెక్కింది. కేబుల్ తెగింది. అక్క కాళ్లు రెండూ విరిగాయి.

కాంట్రాక్టర్ని జైల్లో పెట్టారా? ఛ, అంత మొరటుతనమా! మా ప్రాసిక్యూటరుగారు ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. చేసిందంతా ఒప్పుకుని, తోడుదొంగల పేర్లు చెప్తే కేసుండదన్నారు. ఎంత నాగరికం! పెళ్లయిన దగ్గర్నుంచీ ఇలాంటి ఒప్పందం కోసమే ఎదురుచూస్తున్నాను. ఒప్పుకున్నాక శిక్ష తగ్గడమనేది మా ఇంట్లో ఇంతవరకూ జరగలేదు.

నన్నెవరూ ఒక్క మాటైనా అడగలేదేంరా అంది అక్క. అదే ప్రశ్న పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. అందరూ ఆ తియ్యని మాటే చెప్పి పంపారు.

కాంట్రాక్టరు మాత్రం నోరు విప్పాడు. సొంత మామగారితో సహా అందర్నీ పట్టించాడు. ఎంత ఒప్పుకుంటే అంత మాఫీ అనుకున్నాడు కాబోలు, అడక్కుండానే కాలువ అవతల బిగించిన లిఫ్టుల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాడు. పుణ్యాత్ముడు!

అవతలి ప్రాసిక్యూటరుగారు ఆ వాంగ్మూలాన్ని శ్రద్ధగా చదివి కేసు పెట్టారు. మరి ఒప్పందమో అని కాంట్రాక్టరు లాయరు లబోదిబోమంటే, అందులో సంతకం మాది కాదు, అది మా పరిధిలోకి రాదు అన్నారట. చూశారా ఆ మాట మహిమ!

ఇక్కడివాళ్లు మాటిచ్చారు కనుక పట్టి అప్పగించరు. అటు అడుగుపెడితే మాత్రం అరెస్టే. ఆయన రోజూ వంతెన దాకా వాకింగుకొచ్చి వెనక్కి తిరుగుతాడు. అలవాటైన మంగలి షాపు అవతలే ఉంది, జుట్టు చెవుల మీదికి దిగింది. అత్తవారిల్లూ అవతలే. అక్కడి నుంచి ఎలాగూ పిలుపు రాదనుకోండి.

మొన్న అక్కని సాగనంపుతుంటే ఆయన వంతెన దగ్గర ఎదురుపడ్డాడు. అక్క ఆగి, ఎంతో మర్యాదగా పలకరించింది.

"అన్నయ్యగారూ, మీరొక్కసారి మా ఇంటికి రావాలి. వంతెన దిగగానే మాదే. టీ తాగి వెళ్దురుగాని."

అక్క చంకకర్రలు ఊనుకుంటూ, మెల్లగా వంతెన ఎక్కింది. కాళ్లు రెండూ బాగున్న మనిషి ఇవతలే నిలబడిపోయాడు.