మంత్రిగారు రాని గంట

ఐసీయూలో ఆత్మీయతను ప్రవేశపెట్టిన తొలి ప్రభుత్వం తమదేనని మంత్రిగారు సికింద్రాబాద్‌లోని ఒక సర్కారు ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. అప్పటిదాకా అక్కడ ఆత్మీయతకు విజిటింగ్ అవర్స్ లేవు.

విషయం ఏమిటంటే, ఐసీయూలో పడ్డవాళ్లలో చాలామందికి మతి చెదిరి, రానివాళ్లు వచ్చినట్టు మాట్లాడతారు. అయినవాళ్లు రోజుకో గంట పక్కన కూర్చుంటే అది తగ్గుతుందేమో చూడాలని డాక్టర్లు ఒక రీసెర్చ్ పెట్టుకున్నారు. కొందరికి గంట ఇస్తారు, కొందరికి ఇవ్వరు. చీటీ తీసి తేలుస్తారు.

బోయిగూడ ప్రేమమణికి గంట చీటీ వచ్చింది. ఆమె భర్త జీవరాజు, రిటైరైన రైల్వే గార్డు, న్యుమోనియాతో లోపల ఉన్నాడు. ప్రేమమణి అయిదో తరగతిలోనే బడి మానేసినా, పేపర్లలో ఆరోగ్యం పేజీలన్నీ చదివి, వాటిలోని జబ్బులన్నీ రోజుకొకటి చొప్పున తెచ్చుకున్న మనిషి. భర్త పాలపాకెట్‌కు వెళ్లినా గుమ్మంలో ప్రార్థన చేసి పంపేది. తల్లి పోయినప్పుడు ఆమెకు బస్సు దొరకలేదు. చెల్లెలు సలోమి పోయినప్పుడు తను టీ తాగడానికి బయటికి వెళ్లింది. ఈసారి కదిలేది లేదని దేవుడికి ముందే చెప్పి ఉంచింది.

తొలి గంటకు తలుపు దాకా వెళ్లింది. పార్టీ కార్యకర్త జోగారావు అడ్డం వచ్చాడు.

“అమ్మా, జెర ఆగు. ఇయ్యాల సార్ కూసుంటడు.”

“ఆయన మాకేమైతడు నాయనా?”

“రాష్ట్రంల అందరికీ పెద్దకొడుకే గదమ్మా!”

మంత్రిగారు నిజంగా కొడుకులాగే గంటసేపు ఒక చేత్తో జీవరాజు చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ మాట్లాడారు. లోపలికి కెమెరాలు రానివ్వరని తెలిసి చాలా బాధపడ్డారు కూడా.

ఆయన వెళ్లాక సూపరింటెండెంటుకు రూలు గుర్తొచ్చింది. బయటివాళ్లు కూర్చుంటే రీసెర్చ్ చెల్లదు. వెంటనే రిజిస్టర్ సరిచేశారు. దాని ప్రకారం మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి అటునుంచి అటే వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున కొత్త డ్యూటీ డాక్టర్ వచ్చాడు.

“నిన్న ఎవరొచ్చారు తాతా?”

“మంత్రి వచ్చిండు. నా చెయ్యి వట్టుకొని ఫోన్ల ఎవర్నో తిట్టిండు.”

డాక్టర్ రిజిస్టర్ చూసి, జాలిగా రాసుకున్నాడు. మతి చెదిరింది. వార్డుకు పంపడం కుదరదు. సాయంత్రానికీ ఇలాగే ఉంటే చేతులు మంచానికి కట్టాలి.

సంగతి తెలిసి ప్రేమమణి నర్సు దేవకృపను పట్టుకుంది. “నిన్న నువ్వున్నవ్ గదా బిడ్డా, చెప్పరాదూ!”

“కుర్చీ వేసిందే నేను ఆంటీ. గానీ రిజిస్టర్‌ల ఆయన రాలే. నాది కాంట్రాక్ట్ నౌకరీ. మీరే అంకుల్‌కు జెర సమ్జాయించుండ్రి.”

సాయంత్రం ఆమె గంట వచ్చింది. భర్తకు చెప్పాలనుకున్నవి నలభై ఏళ్లవి ఉన్నాయి. గంటంతా ఒక్క ముక్కే బట్టీ పట్టించింది.

“ఎవరూ రాలే అను.”

“అబద్ధం చెప్పమంటవా?”

“అబద్ధం గాదు. గవర్నమెంట్ రికార్డు.”

డాక్టర్ వచ్చాడు. “ఎవరైనా వచ్చారా తాతా?”

జీవరాజు భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “ఎవ్వరూ రాలే. నిన్న రాలే, ఇయ్యాల రాలే.”

“శభాష్, మతి కుదిరింది!”

డాక్టర్ వార్డుకు మార్చమని రాశాడు. కింది గడిలో, పేషెంట్ చెప్పినట్టే, బంధువులెవరూ రాలేదని నింపి కాగితం ప్రేమమణి ముందు పెట్టాడు. ఆమె రెండుసార్లు చదివింది. భర్త చేతిలోంచి తన కుడిచెయ్యి మెల్లగా విడిపించుకుని సంతకం పెట్టింది.