అచ్చాయమ్మకు ఆదర్శ సేవ

ఒక పెద్ద అడవిలో పులులకు పళ్ళూడిపోయాయి. దాంతో మిగతా జంతువులన్నీ ముసలితనం దాకా బతకడం మొదలుపెట్టాయి. ఏ పొద పక్కకు వెళ్ళినా ఒక దగ్గు, ఏ గుహ ముందు ఆగినా ఒక మూలుగు.

అడవి పంచాయతీ ఈ సంగతి గమనించింది. గమనించడం పంచాయతీ పని. చూసుకోవడం మాత్రం ఇళ్ళల్లో వాళ్ళ పని.

అలా చూసుకునేవాళ్ళలో ఎలుగుబంటి నాంచారమ్మ ఒకతె. మొగుడు పోయినా అత్త అచ్చాయమ్మను మూడేళ్ళుగా తనే కనిపెట్టుకుని ఉంది. అచ్చాయమ్మకు చూపు పోయింది, పళ్ళు పోయాయి, నోరు మాత్రం మిగిలింది. పొద్దున్నే నేరేడు పళ్ళు గింజ తీసి పిసికి పెట్టాలి. వాగు దగ్గర నాచు మీద జారకుండా చెయ్యి పట్టుకుని నడిపించాలి. వీపు గోకాలి. ఇక్కడ కాదు, అక్కడ. అక్కడా కాదు, ఇందాకటి చోటే. ఇవన్నీ అయ్యి అత్త మధ్యాహ్నం నిద్రపోతే, నాంచారమ్మ కూడా బండకు ఆనుకుని ఒక కునుకు తీసేది. రోజంతటిలో ఆమెకు దక్కేది అదొక్కటే.

కొండ అవతల ఉండే మరిది అప్పుడప్పుడూ కాకితో కబురు పెట్టేవాడు, అమ్మకు రోజూ తేనె పట్టించమని. తేనె మాత్రం పంపేవాడు కాదు.

ఇలా ఉండగా పంచాయతీ కార్యదర్శి చెన్నకేశవులనే నక్క, ముసలివాళ్ళను ఎలా చూసుకోవాలో నలభై నియమాలతో ఒక పుస్తకం రాశాడు. ఆయన ఏ ముసలి ప్రాణికీ గుక్కెడు నీళ్ళు పట్టించిన పాపాన పోలేదు. కన్నతల్లిని ఏనాడో చెల్లెలింటికి పంపేశాడు. అందుకే పుస్తకం రాయడానికి బోలెడంత తీరిక దొరికింది. అధ్యక్షుడు అడవిదున్న దాన్ని ఎత్తి చూసి, బరువుగానే ఉందని గిట్ట ముద్ర వేసేశాడు. చిలుక నలభై నియమాలూ బట్టీపట్టి తనిఖీ అధికారి అయింది.

తనిఖీకి వచ్చిన మొదటిరోజే నాంచారమ్మ కునుకు తీస్తూ దొరికిపోయింది. సేవ చేసేవారు పగలు నిద్రపోరాదని పంతొమ్మిదో నియమం. పైగా ముసలావిడను నడిపిస్తోందట. వృద్ధులను ఒక్క అడుగు కూడా వేయనివ్వరాదని ఏడో నియమం.

పంచాయతీలో అందరి ముందూ ఆమెను నిలబెట్టారు. వచ్చే ఎన్నికల్లో దున్న కుర్చీ మీద కన్నేసిన చెన్నకేశవులు ఆ అవకాశం వదులుకోలేదు. పది రోజులు అచ్చాయమ్మను తన దగ్గరే ఉంచుకుని, సేవంటే ఏమిటో అడవికంతటికీ చూపిస్తానన్నాడు. పంచాయతీ దాన్నే తీర్పుగా రాసుకుంది. నాంచారమ్మకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ళు చేసిందంతా తప్పేనా అనిపించింది.

"ఆవిడ ఎడమ కాలు బరువు ఆనదండీ, కాస్త చూసుకోండి," అని మాత్రం అంది.

అంతా పుస్తకంలో ఉందన్నాడు నక్క.

ఇంటికొచ్చాక ఆమెకు కుదురు లేదు. గురక వినపడని గుహలో కన్ను మూతపడలేదు. మర్నాడు ఆగలేక వెళ్ళి నక్క ఇంటి వెనక పొదలో నిలబడింది. నక్క తేనె కోసం వెళ్ళాడు. చిలుక ఎదురుగా కూర్చుని నియమాలు చదువుతోంది. అచ్చాయమ్మ రెండోసారి చదివించుకుంటోంది. చదవడం అయ్యాక చిలుకను నీళ్ళు తాగి రమ్మని పంపేసింది.

"ఆ పొదలో ఎంతసేపు నిలబడతావే నాంచారీ? నీ వాసన నాకు తెలీదా?"

"ఇంటికి పోదాం పద అత్తా."

"నేను రాను. మూడేళ్ళ నించి నీ అడుగుల చప్పుడు వింటున్నా. ఈమధ్య కాళ్ళు ఈడుస్తున్నావు. చెప్తే వినవు. పోయి పడుకో. వీడి సంగతి నేను చూసుకుంటా."

నాంచారమ్మ వెనక్కి వచ్చి, పడుకుని, రెండు రోజులు లేవలేదు.

అచ్చాయమ్మ పని మొదలుపెట్టింది. ఒక్క అడుగు వేయనివ్వరాదు కాబట్టి వాగు దాకా నక్క ఆమెను వీపున మోశాడు. అడిగిందల్లా తక్షణం తేవాలని పన్నెండో నియమం కాబట్టి తేనెపట్టులో మూతి పెట్టాడు. ఎదురు మాట్లాడరాదు కాబట్టి ఆమె పెళ్ళినాటి కథ పదకొండుసార్లు విన్నాడు. పగలు నిద్రపోరాదు కాబట్టి నిలబడే తూలాడు. తూలినప్పుడల్లా చిలుక ఒక ఉల్లంఘన రాసుకుంది.

నాలుగో రోజున చెన్నకేశవులు వాచిన మూతితో, వంగిన నడుముతో నాంచారమ్మ గుహకు వచ్చాడు. అత్తగారిని తీసుకుపొమ్మని బతిమాలాడు. ఆమెకు జాలేసి లేవబోయింది. మళ్ళీ కూర్చుంది.

"తీర్పులో పది రోజులని ఉంది కదండీ. ఇంకా ఆరున్నాయి."

"పోనీ, నువ్వేం చేసేదానివో అది చెప్పు తల్లీ."

"నడవగలిగినంత నడవనివ్వండి. ఏం కావాలో ఆవిడనే అడగండి, అన్నిటికీ సరే అనకండి. ఆవిడ పడుకున్నప్పుడు మీరూ పడుకోండి."

అది ఏడో నియమానికీ, పన్నెండుకీ, పంతొమ్మిదికీ విరుద్ధమన్నాడు నక్క.

"అందుకే మేమిద్దరం ఇన్నాళ్ళు బతికున్నాం," అంది నాంచారమ్మ.

పదో రోజున పంచాయతీకి నక్కను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది అచ్చాయమ్మే. చిలుక నూట పన్నెండు ఉల్లంఘనలు చదివింది. నియమం ప్రకారం, ఇప్పుడు ముసలివాడిలా నడుం వంగిపోయిన కార్యదర్శిని ఎవరో ఒకరు తీసుకెళ్ళి ఆదర్శ సేవ చేసి చూపించాలి. ఎవరూ ముందుకు రాలేదు. దున్న మొదటిసారి పుస్తకం తెరిచి, నాలుగు పేజీలు చదివి, దాన్ని నమిలేశాడు.

దాని బదులు ఒక్క తీర్పు ఇచ్చారు. ఏడాదికి మూడు నెలలు అచ్చాయమ్మ కొండ అవతల కొడుకు దగ్గర ఉండాలి. తనకు నడుం నొప్పి అని మరిది కాకితో కబురంపాడు. కాకి ఆ కబురు తెచ్చేసరికి అచ్చాయమ్మ అతని గుమ్మం దగ్గర కూర్చుని తేనె ఏదని అడుగుతోంది.

ఇందులో నీతి వెతికేవాళ్ళకు దొరికేది ఇదే: చేసేవాళ్ళకు విశ్రాంతి దొరకాలంటే, చెప్పేవాళ్ళకు పని అప్పజెప్పాలి.